అడగని కుట్లు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు మన బొత్తాల పిన్నిని చూసి ఉండరు. ఎవరూ అడక్కుండానే ఆవిడ ఈ ఊళ్ళో సగంమంది చొక్కాలకి బొత్తాలు బిగించింది. బిగించినట్టు ఆ తొడుక్కునేవాళ్ళకి తెలియదు. తెలియకూడదనే ఆవిడ పట్టుదల కూడా. కుట్టినట్టు కనబడిందంటే కుట్టడం రానట్టే లెక్క, అంటుంది.

బస్‌స్టాండు వెనక వీధిలో ఒక లాండ్రీ ఉంది. ముందర కౌంటరు, వెనక మెషీన్లు, మధ్యలో ఒక చెక్క అడ్డం. ఆ అడ్డానికి లోపలివైపు, కిటికీ పక్కన, ఒక బల్ల, ఎత్తు స్టూలు, మెడ వంచే దీపం, బిస్కెట్ల డబ్బా నిండా రకరకాల బొత్తాలు. ముప్పై ఏళ్ళుగా అది పిన్ని రాజ్యం. కౌంటరు దగ్గర కూర్చునే అబ్బాయి, అంటే అబ్బాయేం కాదు, నలభై దాటినవాడే, అతనే ఆవిడకి ఆ పేరు పెట్టాడు. అతనికి ఆవిడ ఏ వరసా కాదు. అయినా చేరిన రెండో రోజు నుంచే పిన్నీ అనడం మొదలుపెట్టాడు. ఆవిడ కాదనలేదు, అతను ఆపలేదు.

ఆ షాపులో పని తీరు ఇలా ఉంటుంది. వచ్చిన ప్రతి గుడ్డా పిన్ని చేతిలోంచి రెండుసార్లు వెళ్ళాలి. ఉతక్కముందు జేబులు తడమడానికి ఒకసారి, ఉతికి ఆరాక ఇస్త్రీకి ముందు ఒకసారి. చీటీ మీద ‘జిప్పు మార్చాలి’, ‘అంచు మడవాలి’ అని రాసి ఉంటే అది ఉద్యోగం. రాయనిది ఆవిడ సొంత వ్యవహారం. బొత్తాం వేలాడుతుంటే బిగిస్తుంది. స్కూలు గౌను అంచు పొట్టవుతుంటే వేలెడు వదులుతుంది. ఆ పిల్ల ఎదుగుతోందని ముందు పిన్నికి తెలుస్తుంది, తర్వాతే వాళ్ళమ్మకి. నొప్పుల మందు వాసన వేసే చొక్కా వస్తే కాజాలు కాస్త పెద్దవి చేస్తుంది, వణికే వేళ్ళకి బొత్తాలు సులువుగా పడతాయని. ఒంటరిగా ఒకే ఒక తెల్ల చొక్కా, అదీ ‘రేపు పొద్దున్నకి కావాలి’ అన్న చీటీతో వచ్చిందంటే, ఎవరో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నారన్నమాట. దాని కాలరు అరిగి ఉంటే విప్పి, తిరగేసి, అరగని వైపు పైకి వచ్చేలా కుడుతుంది. ఆ చొక్కా తొడుక్కున్నవాడికి ఉద్యోగం వచ్చిందో లేదో ఆవిడకి తెలిసే దారి లేదు. వచ్చే ఉంటుందని ఆవిడ నమ్మకం.

మొదట్లో ఓనరు ఊరుకోలేదు.

“చీటీలో లేని పని నీకెందుకమ్మా? తన్నుమాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమన్నారు.”

“నా తీరిక నేను తగలేసుకుంటున్నాను. మీకేమైనా దురద పుడుతోందా?” అంది పిన్ని, తల ఎత్తకుండా.

దాంతో ఆయన నోరు మూతబడింది. ఇదంతా విని ఆవిణ్ణి వెన్నపూసలాంటి మనిషి అనుకునేరు, అదేం కాదు. నోరు తెరిస్తే పచ్చిమిరపకాయే. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే దిగేదాకా వాళ్ళ ఏడు తరాలకీ వడ్డిస్తుంది. మెత్తదనమంతా చేతుల్లోకి దిగిపోయింది, నోటికి మిగల్లేదు.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పంతొమ్మిదేళ్ళప్పుడు, మొదటి ఉద్యోగానికి బస్సులో వెళ్తుంటే, తోపులాటలో ఆవిడ మెడ దగ్గరి బొత్తాం తెగిపోయింది. చేత్తో పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. పక్కన నిలబడ్డ ఒకావిడ సంచిలోంచి సూదీ దారం తీసి, ఏమ్మా అనలేదు, అయ్యో అనలేదు, ఊగే బస్సులో నాలుగు పోట్లు వేసి, దారం పళ్ళతో కొరికేసి, తర్వాతి స్టాపులో దిగిపోయింది. పిన్ని నోరు తెరిచేలోపు బస్సు కదిలింది. ఇప్పుడు తలుచుకుంటే మొహం గుర్తులేదు, ఆ వేళ్ళు మాత్రం గుర్తు. ఆ వేళ్ళకి చెప్పాల్సిన థాంక్సు చెప్పడానికే ఆవిడ ముప్పై ఏళ్ళుగా కుడుతోందని నాకనిపిస్తుంది. ఆవిడ ముందు ఈ మాటంటే మాత్రం నన్ను కత్తెరతో తరుముతుంది.

ఆవిడ భర్త సైన్‌బోర్డులు రాస్తాడు. నవ్వించే మనిషి.

“పక్కింటివాళ్ళతో పదిరోజులుగా మాటల్లేవు. ముక్కూమొహం తెలియనివాడి ప్యాంటుకి మాత్రం రాత్రీపగలూ సేవలు” అంటాడు.

“పక్కింటివాళ్ళకి నోరుందండీ. ప్యాంటుకి లేదు” అంటుంది ఆవిడ.

అలాంటి మనిషి చెయ్యి ఒకసారి తప్పు చేసింది. ఆ తప్పు చెయ్యడానికి కూడా ఆవిడంత మంచితనం ఉండాలి. మామూలువాళ్ళ వల్ల అయ్యేది కాదు.

ఒక సోమవారం ఒక కోటు వచ్చింది. బస్సు డ్రైవర్లు వేసుకునే బూడిదరంగు ముతక నూలు కోటు. చీటీ మీద ‘ఉతుకు, ఇస్త్రీ’ అని మాత్రమే ఉంది. ఉతికి ఆరాక పిన్ని చేతికి వచ్చింది. లోపలి జేబు ఒక పక్కన చిరిగితే ఎవరో ఎర్రదారంతో కుట్టారు. బూడిదరంగు గుడ్డ మీద ఎర్రదారం! ఆ కుట్లయినా తిన్నగా ఉన్నాయా అంటే, ఒకటి గోరంత, ఒకటి వేలంత. ఒకచోట ముందుకి పోయి, ఒకచోట వెనక్కొచ్చి, ఒకచోట అక్కడే తచ్చాడాయి.

“ఎవరో పాపం సూదితో కుస్తీ పట్టి ఓడిపోయారు” అని నవ్వుకుంది పిన్ని. మగవాడి చేతి పనే అయ్యుంటుందనుకుంది. ఇంట్లో చేసిపెట్టే దిక్కు లేదేమోనని జాలి కూడా పడింది.

చిన్న కత్తెర తీసి ఆ కుట్లన్నీ ఒక్కొక్కటే తెంపింది. దారపు ముక్కలు ఏరి చెత్తబుట్టలో పడేసింది. బూడిదరంగు దారం ఎంచుకుని, మడత లోపలికి పోయేలా సన్నగా కుట్టింది. అసలు చిరిగిందా లేదా అన్నట్టు వచ్చింది. కోటు దులిపి ఇస్త్రీకి పంపిస్తూ, ఆయన ఎవరో గాని జేబులో చెయ్యి పెట్టుకున్నప్పుడు హాయిగా ఉంటుందనుకుంది.

బుధవారం ఆ డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కోటు తీసుకుని, తొడుక్కోబోతూ, అలవాటుగా లోపలి జేబులో వేళ్ళు పెట్టాడు. ఆగాడు. కోటు కౌంటరు మీద పరిచి జేబు తిరగేశాడు.

“ఇక్కడ ఎర్రదారం కుట్లుండాలండీ” అన్నాడు.

కౌంటరబ్బాయి గర్వంగా చెప్పబోయి, ఆ మొహం చూసి మాట మింగాడు. “ఏమండీ, ఏమైంది?”

“ఆ కుట్లు మా ఆవిడవి. లెక్కల టీచరు. ఇద్దరికీ సూది పట్టడం రాదు, ఏం ఊడినా పిన్నీసులతోనే సరిపెట్టుకునేవాళ్ళం. ఆస్పత్రిలో చేరే ముందురోజు దానికేం బుద్ధి పుట్టిందో, కూర్చుని ఇది కుట్టింది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఏడాదైంది.”

చెక్క అడ్డానికి లోపల పిన్ని చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

కౌంటరబ్బాయి చెడ్డవాడు కాదు. పిన్నిని కాపాడదామనుకున్నాడు. “పాత దారం కదండీ, మెషీన్లో ఊడిపోయి ఉంటుంది. పోనీలెమ్మని ఎవరో మళ్ళీ కుట్టినట్టున్నారు” అన్నాడు.

డ్రైవరు తలూపాడు. “అంతే అయ్యుంటుంది. తప్పు నాదేలెండి. ఏడాదిపాటు ఉతకలేదు. చెల్లెలు పోరు పెడితే ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.”

అదీ దెబ్బ. తిట్టి ఉంటే పిన్ని కూడా రెండు తిట్టేది, లెక్క సరిపోయేది. తప్పు తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోతున్నాడు ఆ మనిషి. పిన్ని స్టూలు దిగింది. ముప్పై ఏళ్ళలో పదిసార్లు కూడా ఆవిడ ఆ అడ్డం దాటి కౌంటరులోకి రాలేదు.

“మెషీన్లో ఊడలేదు అన్నయ్యగారూ. నేనే విప్పాను. ఎవరూ చెప్పలేదు. బాగాలేవని విప్పేశాను.”

ఆయన ఆవిడ వంక చూశాడు. “ఆ దారం ఉందా అమ్మా?”

ఉందని చెప్పగలిగితే ఆ క్షణాన ప్రాణం ఇచ్చేసేదే. చెత్తబుట్ట మంగళవారమే ఖాళీ అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. లేదన్నట్టు తల ఊపింది.

“పరవాలేదమ్మా. మీరు మంచికే చేశారు” అన్నాడు ఆయన. కోటు మాత్రం తొడుక్కోలేకపోయాడు.

“రెండు రోజులు నా దగ్గర ఉంచండి” అంది పిన్ని. ఏం చేద్దామని అడిగిందో ఆవిడకే తెలియదు.

“శుక్రవారం నాలుగింటికి డ్యూటీ ఉంది. రెండింటికి వచ్చి తీసుకుంటా” అని ఆయన చొక్కాతోనే వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని పిన్ని ముద్ద ముట్టలేదు. భర్త సంగతంతా విన్నాడు. ఆయనకి చేతనైన ఉపాయం ఆయన చెప్పాడు.

“ఎలా ఉండేవో గుర్తుందిగా? చూసినట్టే దించెయ్. ఎర్రదారం, వంకర కుట్లు. నేను రోజూ చేసే పని అదే. ఎవరి అక్షరమైనా బోర్డు మీదికి దించేస్తాను, రాసినవాడే తనదనుకుంటాడు. ఆ పెద్దాయన మనసు కుదుటపడుతుంది, నీకూ పీడ వదులుతుంది.”

మాట బాగానే ఉంది. పిన్ని వెంట తెచ్చుకున్న కోటు ఒళ్ళో వేసుకుని తన కుట్లు తను విప్పేసింది. దీపం దగ్గర జేబు ఎత్తి పట్టుకుంటే, ముతక నూలు కదా, పాత సూది దిగిన చోటల్లా సన్నటి రంధ్రాలు వెలుగుతూ కనబడ్డాయి. తన కుట్లు మడత లోపల పడ్డాయి కాబట్టి అవి చెడలేదు. గుర్తు తెచ్చుకోవాల్సిన పని కూడా లేదు. ఎర్రదారం ఎక్కించి మూడు కుట్లు వేసింది. గోరంత, వేలంత, వెనక్కి ఒకటి. అచ్చం అలాగే వచ్చాయి. ఆ టీచరమ్మే లేచొచ్చి కుట్టినా ఇంతకన్నా దగ్గరగా రావు.

అప్పుడు ఆవిడకి భయం వేసింది. చచ్చిపోయినావిడ సంతకం తను దొంగతనంగా పెడుతోంది. ఆయన వచ్చి, ఈ కుట్లు తడుముకుని, కళ్ళు తుడుచుకుని వెళ్తాడు, రోజూ తడుముకుంటాడు, ఆ వేళ్ళ కింద ఉండేది ఎవరి చెయ్యి?

“ఏమైందే?” అన్నాడు భర్త.

“బోర్డులు వేరండీ” అంది ఆవిడ. ఆ మూడు కుట్లూ విప్పేసింది. తర్వాత చాలాసేపు ఆ రంధ్రాల వరసని దీపానికి అడ్డంపెట్టి చదువుతూ కూర్చుంది.

గురువారం పిన్ని ఎవరి గుడ్డా ముట్టలేదు. అంటే చీటీలో రాసినవి చేసింది, అంతే. మంచికి పోతే చెడెదురైంది, ఇక చాలు, తెలియనివాళ్ళ జేబుల్లో నా చేతులెందుకు అనుకుంది. మధ్యాహ్నం ఒక తెల్ల చొక్కా వచ్చింది, రెండో బొత్తాం ఒక్క పోగు మీద వేలాడుతోంది. రేపు పొద్దున్నకి కావాలట. పిన్ని దాన్ని చూసింది. అది ఎవరి ముందు ఎక్కడ రాలిపోబోతోందో ఆవిడకి కళ్ళకి కట్టినట్టు కనబడింది. అలాగే మడిచి ఇస్త్రీకి ఇచ్చేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ చేసేవాడు ఆ బొత్తాం చూసి, పిన్నిని చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ముప్పై ఏళ్ళ మనిషి ఆ ఒక్కరోజులో ఆగిపోయేలా ఉంది.

శుక్రవారం డ్రైవరు చెప్పిన టైముకే వచ్చాడు. పిన్ని ఆయన్ని అడ్డం దాటించి లోపలికి తీసుకొచ్చి, తన స్టూలు మీద కూర్చోబెట్టింది. కోటు బల్ల మీద పరిచి ఉంది. జేబు మీద సుద్దతో చిన్న చిన్న చుక్కలు.

“ఇవి ఆవిడ సూది దిగిన చోట్లు” అంది. “దారం నేను పోగొట్టాను. ఇవి పోలేదు. నేను కుట్టేస్తే మీకు తేడా తెలియదు. మొన్న మూడు కుట్లు వేసి చూశాను కూడా. కాని అది దొంగపని. అందుకని విప్పేశాను. ఇదిగో, సూది. మీరు కుట్టండి.”

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. “నాకు రాదమ్మా.”

“ఆవిడకి మాత్రం వచ్చా?”

నోరు జారిందని పిన్ని నాలుక కరుచుకుంది. కాని ఆయన నవ్వాడు. ఏడాదిలో మొదటిసారి నవ్వినట్టు, సరిగ్గా ఎలా నవ్వాలో మరిచిపోయినట్టు నవ్వాడు. “నిజమే. అస్సలు రాదు” అన్నాడు.

సూది తీసుకున్నాడు. స్టీరింగు పట్టుకునే లావాటి వేళ్ళలో అది కనబడటం లేదు. పిన్ని దీపం వంచింది. మొదటి రంధ్రంలో సూది దింపడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ చేతుల్ని అలా పట్టుకోవడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు.

“ఇప్పుడు వెనక్కి రావాలి. ఆవిడ వెనక్కి వచ్చింది ఇక్కడ.”

“వస్తుంది. పిల్లలు లెక్క తప్పితే మొదటినుంచీ చేయించేది. తనకీ అదే రూలు.”

“ఇదిగో, ఇక్కడ ఇంత దూరం వేసింది.”

“విసుగొచ్చుంటుంది. నేను టీ పెట్టానా, చల్లారిపోతోందని అరిచానా... అవును, అరిచాను. ఇక్కడే అయ్యుంటుంది.”

ఒకచోట ఒకే రంధ్రంలో రెండుసార్లు దిగి ఉంది. ఒకచోట సూది తప్పుదారి పట్టి జేబు అవతలి పొరని కూడా పట్టుకుంది. ఆయన ప్రతిచోటా ఆగాడు, ప్రతిచోటా ఆ టీచరమ్మతో ఏదో ఒక మాటనుకున్నాడు. కొన్ని పైకి, కొన్ని లోపల. వేలికి సూది గుచ్చుకుంటే చీకుతూ, “దానికీ గుచ్చుకుంది, నాకు చెప్పకుండా చెయ్యి వెనక దాచుకుంది” అన్నాడు. ఉన్నట్టుండి సూది పక్కన పెట్టి ఏడ్చాడు. పిన్ని వద్దనలేదు, ఊరుకోబెట్టలేదు. అడ్డం అవతల కౌంటరబ్బాయి వచ్చినవాళ్ళకి గొంతు తగ్గించి చీటీలు రాస్తున్నాడు.

మూడున్నరకి చివరి చుక్క వచ్చింది. సూది దిగింది. ఎర్రదారం బూడిదరంగు గుడ్డ మీద వంకరటింకరగా పడింది. వాళ్ళావిడ కుట్టినట్టే ఉంది. ఆయన కుట్టినట్టూ ఉంది. అక్కడితో రంధ్రాలు అయిపోయాయి. చిరుగు మాత్రం అయిపోలేదు, ఇంకో అంగుళం నోరు తెరుచుకునే ఉంది.

“దారం ఇక్కడికే వచ్చింది” అన్నాడాయన. “మిగతాది ఇంటికొచ్చాక కుడతానంది.”

పిన్ని చెయ్యి తనంతట తనే సూది వైపు వెళ్ళింది. ఎక్కడ చిరుగు కనబడ్డా వెళ్ళే చెయ్యి అది. సగంలో ఆవిడ దాన్ని ఆపింది.

“ఇది ఇలాగే ఉంచమంటారా అన్నయ్యగారూ, కుట్టమంటారా?”

ముప్పై ఏళ్ళలో ఆవిడ ఎవరినీ ఆ మాట అడిగి ఎరగదు.

ఆయన ఆ సందులో వేలు పెట్టి చూశాడు. వేలు అవతలికి వచ్చింది. అలాగే కాసేపు ఉంచాడు.

“ఏడాదిగా ఇంటి తాళంచెవి ఇందులోంచే జారిపోతోందమ్మా. రోజూ వంగి ఏరుకుంటున్నాను” అన్నాడు. జేబు ఆవిడ వైపు తిప్పాడు. “కుట్టండి.”

పిన్ని అదే ఎర్రదారం ఎక్కించి అయిదు కుట్లు వేసింది. ఎంత జాగ్రత్తగా వేసినా వంకరగానే వచ్చాయి. విప్పలేదు.